రంగస్థల న్యాయవాది – బళ్ళారి రాఘవ

ఆంధ్రదేశమున బళ్ళారి రాఘవగారి పేరు వినని నాటకాభిమాని యుండడు. వారి నటనాకౌశలమును పెద్దలనేకులు కొనియాడి యున్నారు. వృత్తిచే న్యాయవాదియైన యాయన రంగస్థలమున నెవరి పక్షము వహించెనో విచారించుట మనబోటి సంఘములకు మేలని తలచి యీ చిన్న చరిత్రమును చదువరుల ముందుంచుచున్నాము.

తాడిపత్రి రాఘవాచార్యులుగారు 1880వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన, నేటి అనంతపురము జిల్లాలోని తాడిపత్రిలో జన్మించిరి. ఆంధ్రనాటకపితామహులని ప్రఖ్యాతి గాంచిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు వారికి మేనమామలు. నాటి బళ్ళారి చెన్నపురి రాజధానిలోనిది. తెలుగును కన్నడమును ఇరుగుపొరుగుల వలె మెలగుచుండిన పట్టణమది. ధర్మవరమువారి సరసవినోదినీ సభ, కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ యచ్చట పోటీపడి నాటకము లాడుచుండెను. బాల్యముననే రాఘవగారి కా గాలి సోకెను. చెన్నపట్టణమున న్యాయశాస్త్రము చదివి, బళ్ళారిలో వకీలై, పిదప పబ్లికు ప్రాసిక్యూటరు పదవిని సయితము నిర్వహించిరి.

పగటివేళ సర్కారు పక్షమున ముద్దాయిపై వాదించిన వీరే, రాత్రి రంగమున లోకము దోషిగా నెంచిన వాని గుండెను విప్పి చూపుచుండిరి. హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు వారిచేత కేవలము క్రూరులుగాక మనుష్యులైరి. కోలాచలమువారి రామరాజు చరిత్రము 1565లో జరిగిన విజయనగర పతనమును గూర్చినది. హంపీ శిథిలములు బళ్ళారికి సమీపముననే యున్నవి. ఆ గాయము నెరిగిన ప్రేక్షకుల యెదుట రాఘవగారు ధరించి పేరొందినది పఠాను పాత్ర! పరపక్షమువానికిని పౌరుషము, దుఃఖము కలవని వారు చూపిరి. దీనబంధు కబీరు నాటకమును హిందీలో నాడగా మహాత్మాగాంధీగారు సయితము తిలకించిరి. హిందువులు మహమ్మదీయులు నిరువురును తమవాడని చెప్పుకొనిన భక్తుని యా పాత్రకు వారు తగియే యుండిరి.

నాటకమన్న నాటి దొరతనమువారికి భయము. 1876లోనే నాటక ప్రదర్శనములను నిషేధించుటకు శాసనము చేసికొనిరి. తలకట్టుకు తగిన దేశభక్తి వాక్యములు పలుకుట యొక్కటే జాతీయత యని రాఘవగారు తలపలేదు. పద్యమును గంటలకొలది రాగము తీయుటను నిరసించి, భావమునకే పట్టము గట్టిరి. స్త్రీ పాత్రమును పురుషులు ధరించు ఆచారమును కాదని, కొమ్మూరి పద్మావతీదేవి మొదలగు స్త్రీలతో కలిసి నటించిరి. అందులకు కలిగిన నిందలను సరకుసేయలేదు. 1939లో వెలువడిన రైతుబిడ్డ చలనచిత్రమున నటించిరి. జమీందారుల కా చిత్రము కంటగింపయ్యెను.

1946వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన వారు పరమపదించిరి. ఏడేండ్లకు, 1953లో, ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు మనకు రాగా, బళ్ళారి పట్టణము మైసూరు రాష్ట్రమున చేరెను. ఎల్లలు మారినను పేరు మారలేదు. తెలుగువారికి వారు నేటికిని బళ్ళారి రాఘవయే. బళ్ళారివారును వారి పేర కళామందిరము నిలుపుకొనిరి. రెండు భాషలవారును తమవాడని చెప్పుకొనగల నటుడు జాతికి సరిహద్దుకంటె గట్టి కట్టడము.

మన సభలలో మనవారి గొప్పను మనము చెప్పుకొనుట సహజమే, తగినదే. కాని యెదుటివాని మాటను వాని స్థానమున నిలిచి వినుట లేనిచో సంఘాభిమానము ద్వేషముగా పరిణమించును. మన యువకులు నాటకము లాడవలెను. ఆడునప్పుడు నాయక పాత్రకై పోట్లాడక, తమకు గిట్టనివాని వేషమును కట్టి, వాని హృదయమును వెదకవలెను. రాఘవగారికి మనము సమర్పింపదగిన నివాళి యిదియే యని మా యభిప్రాయము.