కైకిలి చేసిన ఆమె.. మొగోళ్ల రికార్డు దాటింది

మన దిక్కు సైకిలంటే రెండే ముచ్చట్లు. ఒకటి, పుచ్చలపల్లి సుందరయ్య సార్ పార్లమెంటుకు సైకిల్ మీద పోయిండనేది. రెండోది, బడికి పోనీకి కొనిచ్చిన సైకిల్ ఇంటర్ కాంగనే దొడ్లె మూలకు పడుడు, దాని జాగల బైకు వచ్చుడు. సైకిల్ తొక్కుడు గూడ ఒక ఆటనే, అండ్ల ప్రపంచ చాంపియన్లు ఉంటరని మా లింగాల ఘనపూర్‌ల చెప్తే నవ్వెటోళ్లే ఎక్కువ. హైదరాబాద్ ఉస్మానియా యూనివర్సిటీల సైకిల్ రేసుల కోసమే కట్టిన వెలోడ్రోమ్ ఉన్నదని గూడ శానా మందికి ఎర్కలేదు.

ఫోన్ల మాత్రం మన పోరగాళ్లు అన్నీ చూస్తుండ్రు. టైం ట్రయల్ రేసు వీడియో వస్తది. ముక్కు లెక్క సూది మొన టోపీ, కంతలు లేని నున్నటి చక్రం, ముందటికి చాపిన చేతుల కింద దిండ్లు పెట్టిన హ్యాండిల్. సైకిల్ ధర లక్షలల్ల చెప్తరు. ఇగ అక్కడ్నే ఆగిపోతరు. మనతోని అయ్యే పనా అనుకుంట వేలుతోని పైకి జరిపి ఇంకో వీడియోకు పోతరు. ఆడపిల్లలైతే ఆ మాట అనుకునే కాడికి గూడ రారు. అందుకే నేను బెరిల్ బర్టన్ గురించి రాస్తున్న. ఆమె సచ్చిపోయి ముప్పై ఏండ్ల దాక అయితుంది. ఇంగ్లాండ్ల సైకిల్ తొక్కెటోళ్లకు ఇప్పటికీ ఆమె పేరు అంటే పెద్ద కథ.

ముందుగాల టైం ట్రయల్ అంటే ఏందో చెప్పుకోవాలె. గుంపుల కొట్లాడుకునే రేసు కాదిది. ఒక్కొక్కరిని నిమిషానికో, రెండు నిమిషాలకో ఇడుస్తరు. ఒకరి ఎనక ఒకరు దాగి గాలి తప్పించుకునుడు నడవది. ఎవని గాలి వాడే చీల్చుకోవాలె, ఎవని గడియారంతోని వాడే కొట్లాడాలె. ఇంగ్లాండ్ల ఎనకట రోడ్ల మీద గుంపు రేసులు పెడితే పోలీసులతోని పంచాయితీ అయితుండె. దానికి భయపడి ఈ ఆటను ఐతారం నాడు తెల్లారగట్ల, నల్ల బట్టలు తొడుక్కొని, రోడ్డు పేరు గూడ బయటికి చెప్పకుంట రహస్య నంబర్లతోని ఆడెటోళ్లు. అండ్ల రెండు తీర్లు. దూరం ముందే పెట్టి ఎంత సేపట్ల పోయినవో చూసుడు ఒకటి. టైం ముందే పెట్టి ఎంత దూరం పోయినవో కొలుసుడు ఇంకొకటి. బెరిల్ పేరు నిలవడ్డది ఎక్కువ ఈ రెండో తీరుతోనే.

1937 మే 12న లీడ్స్ పట్నం దగ్గర పుట్టింది. పదకొండేండ్లప్పుడు బడిల పెద్ద పరీక్ష ఉండె. సరిగ్గ అప్పుడే రుమాటిక్ ఫీవర్ వచ్చింది. కీళ్లతోని మొదలై గుండెను కరాబు చేసే జ్వరమది, మన ఊర్లల్ల గూడ ఎరిగిన రోగమే. తొమ్మిది నెలలు దవాఖానల, పదిహేను నెలలు కోలుకునే ఇంట్ల ఉన్నది. గుండెకు గట్టి పని పెట్టొద్దని డాక్టర్లు చెప్పిండ్రు. ఒక బట్టలు కుట్టే కంపెనీల పనికి కుదిరింది. ఆడనే చార్లీ బర్టన్ కలిసిండు. 1955ల లగ్గమైంది, మరుసటేడు బిడ్డ పుట్టింది, పేరు డెనీస్. మన దగ్గరైతే కథ ఈడికే ఒడిసిపోతది. చిన్నతనంల లగ్గం, సంకల పిల్ల, ఒంట్ల రోగం.

చార్లీకి సైకిల్ పిచ్చి. ఆయన సోపతితోనే ఆమె మార్లీ సైకిల్ క్లబ్బుల చేరింది. మొదట్ల వాళ్ల ఎంట సాగుడే కష్టమైంది. రెండేండ్లు తిరిగే వరకు క్లబ్బోళ్లకు ఆమె ఎంట సాగుడు కష్టమైంది. అప్పుడు చార్లీ చేసిన పని నాకు మస్తు నచ్చుతది. తన రేసులు పక్కకు పెట్టిండు. ఆమె సైకిల్ సక్కజేసుడు, రేసు నడుమ తిండి, నీళ్లు అందిచ్చుడు, బిడ్డను చూసుకునుడు ఆయన పనయింది. 1950లల్ల ఒక మొగుడు ఇట్ల చేసుడు ఆ దేశంల గూడ మామూలు కాదు.

ఆమెకు కండ పెట్టిన పని ఇంకోటుంది. మార్లీల నిమ్ కార్లైన్ అనే ఆయనకు రబర్బ్ తోట ఉండె. రబర్బ్ అంటే గోంగూర లెక్క పుల్లగ ఉండే ఎర్ర కాడల మొక్క, షక్కరేసి ఉడకవెట్టుకొని తింటరు. ఆయన గూడ ఇరవై నాలుగు గంటల రేసుల చాంపియనే. ఆయన తోటల బెరిల్ కైకిలి చేసింది. చలిల, బురదల మట్టి తవ్వుడు, బరువు గడ్డలు పెకిలిచ్చుడు. జిమ్ము లేదు, కోచ్ లేడు. పొద్దంత తోటల పని, పొద్దుగూకినంక సైకిల్. 1960ల ర్యాలీ కంపెనీ పైసలిస్తం, మా తరఫున తొక్కుమన్నది. మన తాతల కాలంల ర్యాలీ సైకిల్ అంటే ఎంత ఫైనో ఎరికే కద! ఆమె వద్దన్నది. పైసలు తీసుకుంటే ఔత్సాహిక రేసులు తొక్కనియ్యరు, అందుకని.

సామాన్ల ముచ్చటకొస్తా. ఆమె సైకిల్ ఇనుప గొట్టాల ఫ్రేము, కిందికి వంకర తిరిగిన హ్యాండిల్, మామూలు పోకల చక్రాలు. మొన టోపీ లేదు, చేతుల కింద దిండ్లు లేవు. మరి అంత స్పీడెట్ల? లెక్క ఇట్లుంటది. సదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల దాక పోంగనే, తొక్కే బలంల ఎక్కువ శాతం గాలినే మింగుతది. స్పీడు రెండింతలు కావాలంటే గాలిని గెలవనీకి ఎనిమిదింతల బలం గావాలె. ఆ గాలిని ఆపేది ఎక్కువ సైకిల్ కాదు, మీద కూసున్న మనిషే. అంటే నడుము వంచి, మోచేతులు మడిచి, భుజాలు లోపలికి తీసుకునుడు లక్షల సైకిల్ కన్నా ముందు చేసే పని. దానికి రూపాయి ఖర్చు లేదు. కాకపోతే ఆ వంగుడు పది నిమిషాలు అందరూ ఉంటరు, పన్నెండు గంటలు ఉండుడే కష్టం. మరీ కిందికి వంగితే ఊపిరి ఆడది, తొడలు కడుపుకు తాకుతయి. బెరిల్ ఫొటోలు చూస్తే వీపు సదునుగ, తల కదలకుంట ఉంటది. నడుస్తున్నది కాళ్లే.

సామానుతోని ఫరక్ పడదని నేను అంటలేను. 1989 టూర్ డి ఫ్రాన్స్ ఆఖరి రోజు 24.5 కిలోమీటర్ల టైం ట్రయల్‌కు ముందు లారెంట్ ఫిన్యోన్ 50 సెకన్లు ముందున్నడు. గెలుపు ఆయనదే అని అందరు లెక్క కట్టిండ్రు. గ్రెగ్ లెమాండ్ చేతులు ముందటికి చాపే హ్యాండిల్, టోపీ పెట్టుకొని వచ్చిండు, ఫిన్యోన్ జుట్టు గాలికి ఎగురుకుంట వచ్చిండు. లెమాండ్ మొత్తం మీద 8 సెకన్లతోని గెలిచిండు. ఇప్పుడు ఎవరు గెలుస్తరని ఫోన్ల జోస్యాలు చెప్పెటోళ్లు, యాప్‌లల్ల పైసలు పెట్టుమనెటోళ్లు ఇసొంటియి యాది పెట్టుకుంటె మంచిది.

1967 సెప్టెంబర్ 17. ఓట్లీ క్లబ్బోళ్ల పన్నెండు గంటల రేసు. మొగోళ్లందరినీ ఇడిసిండ్రు, ఆఖరికి మైక్ మెక్‌నమారా బయల్దేరిండు. రెండు నిమిషాలకు బెరిల్. ఆ దినం మెక్‌నమారా గూడ పాత మొగోళ్ల రికార్డు ఇరగ్గొట్టే ఊపుల ఉన్నడు, ఇరగ్గొట్టిండు గూడ. గంటలు గడుస్తున్నకొద్దీ ఆమె ఒక్కొక్కరిని దాటుకుంట వచ్చింది. సాయంత్రం దిక్కు ముంగట ఆయన ఒక్కడే కనవడ్డడు. పక్కకు రాంగనే జేబులకెళ్లి ఒక లికరిస్ మిఠాయి తీసి ఇచ్చింది. ఆయన తీసుకొని నోట్లేసుకున్నడు. ఆమె దాటి పోయింది. ఆయన లెక్క 276.52 మైళ్లు, ఆమె లెక్క 277.25 మైళ్లు. అంటే 446 కిలోమీటర్లు. జనగామ నుంచి హైదరాబాద్‌కు పోయి వచ్చుడు రెండున్నర సార్ల కన్నా ఎక్కువ, గంటకు 37 కిలోమీటర్ల చొప్పున. ఆ దినం ఆమె గెలుస్తదని పందెం కాసినోడు ఉంటడని నేననుకోను. మొగోళ్లు ఆ దూరం దాటనీకి రెండేండ్లు పట్టింది. ఆడోళ్లు దాటనీకి యాబై ఏండ్లు, 2017 దాక ఆగాల్సి వచ్చింది.

ఇగ మిగిలిన గెలుపులు గబగబ చెప్త. ప్రపంచ చాంపియన్ ఏడు సార్లు, ఐదు ట్రాక్ మీద పర్స్యూట్‌ల, రెండు రోడ్డు మీద. బ్రిటన్ల టైం ట్రయల్ ఆడోళ్లల్ల అందరికన్నా మెరుగనే బిరుదు 1959 నుంచి 1983 దాక వరుసగ 25 ఏండ్లు. ఒలింపిక్ పతకం ఒక్కటి లేదు, ఎందుకంటే ఆడోళ్ల సైకిల్ రేసు ఒలింపిక్స్‌కు వచ్చిందే 1984ల. అప్పటికి ఆమెకు 47 ఏండ్లు.

ఆమెను దేవత చేసి చెప్పుడు నాకిష్టం లేదు. 1976 జాతీయ రోడ్డు రేసుల సొంత బిడ్డ డెనీస్ ఆఖరి గీత కాడ తల్లిని దాటి గెలిచింది. పోడియం మీద బెరిల్ బిడ్డకు చెయ్యి కలపలేదు. నాకైతే అది తప్పే అనిపిస్తది. ఓడిపోవుడు ఆమెకు రాకపాయె. ఆరేండ్ల తర్వాత అదే తల్లీబిడ్డలు ఒక్క ట్యాండమ్ సైకిల్ మీద కూసోని పది మైళ్ల జాతీయ రికార్డు కొట్టిండ్రు.

వయసు మీద పడ్డంక గూడ ఆమె రేసులు మానలేదు. టైములు తగ్గుతున్నా నంబర్ కట్టుకొని లైన్ల నిలవడ్డది. 1996 మే 5న, 59వ పుట్టినరోజు దావతుకు పిలుపు కార్డులు పంచుకుంట పోతున్నది, సైకిల్ మీదనే. చిన్నప్పుడు డాక్టర్లు భయపడ్డ ఆ గుండె తొవ్వలనే ఆగింది. పుట్టినరోజుకు ఇంక వారం ఉండె.