నిరతాన్నదాత్రి డొక్కా సీతమ్మగారు

సంక్రాంతికి సింగోటము లక్ష్మీనరసింహస్వామివారి జాతర వచ్చినదనగానే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమల యిండ్లలో సందడి మొదలగును. బయలుదేరునాడు ఇల్లాలు తెల్లవారకముందే లేచి అందరికిని దారిబత్తెము కట్టును. ఆమె యేమైనను తినెనా యని అడుగువారు అరుదు. అట్టి ఇల్లాండ్రను చూచినప్పుడెల్ల, గోదావరీ సాగరసంగమమున వెలసిన అంతర్వేది నరసింహుని సేవింప బయలుదేరి నడిదారిలో మరలిన డొక్కా సీతమ్మగారు నాకు జ్ఞప్తికి వచ్చుచుందురు.

ఆమె 1841లో గోదావరి మండలమందలి మండపేటలో జన్మించిరి. తండ్రి అనుప్పిండి భవానీశంకరముగారు. వచ్చినవారికెల్ల అన్నము పెట్టుటచే జనులాయనను బువ్వన్నయని పిలిచెడివారు. చిన్నతనముననే తల్లి గతించుటచే వంటయిల్లు ఆ బాలిక చేతికి వచ్చెను. పిదప లంకల గన్నవరమందలి డొక్కా జోగన్నగారి యింట కోడలుగా అడుగుపెట్టిరి. జోగన్నగారు వేదవిదులు, భూవసతి గల గృహస్థులు.

ఆ ఊరు గోదావరి పాయల నడుమనున్న లంకసీమలోనిది. నాడు వంతెనలు తక్కువ, పడవలే ఆధారము. రేవు దాటి అలసి వచ్చినవారికి పూటకూళ్ల యిల్లైనను దొరకని చోట సీతమ్మగారి పొయ్యి ఆరెడిది కాదు. కులము అడుగలేదు, వేళ అడుగలేదు. అర్ధరాత్రి తలుపు తట్టినను లేచి అత్తెసరు పెట్టెడివారట. ఆమె కీర్తి సముద్రములు దాటినదనియు, 1903లో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవమునకు పిలుపు రాగా పోనొల్లలేదనియు, ఆమె చిత్తరువును మాత్రము అధికారులు గైకొనిరనియు చెప్పుదురు. నాకు దానికంటె అంతర్వేది ముచ్చటయే ప్రియము.

అతిథులను విడిచి కదలలేక ఆమె యాత్ర ఎన్నియో యేండ్లు వాయిదా పడెను. తుదకు ఒకనాడు తెగించి మేనాలో బయలుదేరిరి. దారిలో బోయీలు విశ్రమించినచోట ఒక పెండ్లివారి గుంపు ఎదురయ్యెను. పిల్లలు ఆకలికి ఏడ్చుచుండగా, గన్నవరము చేరినచో సీతమ్మగారి యింట అన్నము దొరకునని పెద్దలు వారిని ఓదార్చుచుండిరి. ఆ మాట చెవినబడగానే మేనాను వెనుకకు త్రిప్పించి, వారికంటె ముందే యిల్లు చేరి, వంట సిద్ధము చేసిరట.

కొందరు పౌరాణికులు ఈ కథ చెప్పి స్త్రీలకు ఓర్పును బోధింతురు. నాకది సమ్మతము గాదు. మరలుమని ఆమెను ఎవరును శాసింపలేదు. ఆ పిల్లలు తినుచుండగా చూచుటయే ఆమెకు స్వామి దర్శనము. ఇష్టము లేని త్యాగమును ఇల్లాలి నెత్తిన పెట్టి దానికి దయయని పేరు పెట్టుట వేరు. తదీయారాధనము గొప్పదని మన సంప్రదాయము చెప్పుచున్నది, నిజమే. కాని విస్తరి ముందు కూర్చున్నవానిలోని అంతర్యామి గరిటె పట్టినవారిలో లేడా? వారిని పస్తుంచుటయు అపచారమే గదా!

ఈ మాట వ్రాయుటకు నాకు అర్హత తక్కువ. గద్వాలలో వారములు చేసికొని చదువుకొన్న దినములలో శనివారము ఒక వృద్ధురాలి యింట నా భోజనము. అమరము అప్పగించుమనెడిది, వినుచు వడ్డించెడిది. రెండేండ్లు తింటిని. ఒకనాడు మరచిన చెంబు కొరకు మరల పోగా, ఆమె అడుగంటిన మాడు మెతుకులను మజ్జిగలో పిసుకుకొనుచుండెను. నన్ను చూచి కొంగు అడ్డము పెట్టుకొన్నది. చెంబు తీసికొని వచ్చితినే గాని, అమ్మా, నీకు అన్నము మిగిలినదాయని అడుగ నోరు రాలేదు. మరుసటి శనివారమును ఎప్పటివలెనే కడుపునిండ తింటిని.

సీతమ్మగారు 1909లో పరమపదించిరి. గన్నవరమువద్ద వైనతేయపై నున్న జలసేతువు ఆమె పేర నున్నది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టెను.

మొన్న మాఘమాసమున అంతర్వేది కల్యాణోత్సవమునకు పోవుచు మేమును ఆ ఊర దిగితిమి. మధ్యాహ్నము కావచ్చెను. ఒక చెట్టునీడన నా భార్య పులిహోర మూట విప్పి, అలవాటు చొప్పున నా యొక్కనికే ఆకు వేసెను. రెండవ ఆకు నేను పరచితిని.