పరాయి సైన్యపు దుస్తుల్లో మంచు సమరం: స్పెయిన్ సేనాని మున్యోజ్ గ్రాండేస్

రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాంకో పాలనలోని స్పెయిన్ సోవియట్ యూనియన్‌పై యుద్ధం ప్రకటించలేదు. అయినా సుమారు 45 వేల మంది స్పెయిన్ దేశీయులు జర్మన్ సైనిక దుస్తులు ధరించి రష్యా మంచులో పోరాడారు. వారిలో దాదాపు ఐదు వేల మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ స్వచ్ఛంద దళానికి తొలి సేనాని అగస్టిన్ మున్యోజ్ గ్రాండేస్.

ఆయన 1896 జనవరి 27న మాడ్రిడ్‌లో జన్మించారు. టొలెడో పదాతిదళ అకాడమీలో శిక్షణ పొంది, మొరాకో యుద్ధాలలో పేరు తెచ్చుకున్నారు. 1931లో స్పెయిన్ గణతంత్ర రాజ్యమైన తరువాత, నగరాలలో శాంతిభద్రతల కోసం ఏర్పడిన అసాల్ట్ గార్డు దళాన్ని తీర్చిదిద్దారు. 1936లో అంతర్యుద్ధం మొదలవగా అదే గణతంత్ర ప్రభుత్వం ఆయనను చెరసాలలో పెట్టింది. విడుదలయ్యాక జనరల్ ఫ్రాంకో పక్షాన చేరారు.

1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్‌పై దండెత్తింది. అంతర్యుద్ధంలో జర్మనీ చేసిన సాయానికి ఫ్రాంకో రుణపడి ఉన్నారు. అయితే చితికిపోయిన దేశాన్ని మరో యుద్ధంలోకి దించే స్థితి లేదు. అందుకే స్వచ్ఛంద సైనికులను పంపారు. కమ్యూనిజంపై ద్వేషంతో కొందరు, జీతం కోసం కొందరు, గణతంత్ర పక్షాన ఉన్న గతాన్ని చెరిపివేసుకునేందుకు మరికొందరు పేర్లు నమోదు చేసుకున్నారు. ఫలాంజ్ పార్టీవారి నీలి చొక్కాల వల్ల ఆ దళానికి బ్లూ డివిజన్ అనే పేరు వచ్చింది.

జర్మనీలోని గ్రాఫెన్‌వోర్‌లో జులై 31న వారు హిట్లర్‌కు విధేయతా ప్రమాణం చేశారు. కమ్యూనిజంపై పోరాటం వరకే ఆ ప్రమాణం పరిమితం. జర్మన్ సైన్యంలో 250వ పదాతి డివిజన్‌గా మారిన దళం వందల కిలోమీటర్లు కాలినడకన సాగి, అక్టోబరులో నోవ్‌గొరోద్ సమీపంలోని వోల్ఖోవ్ నదీతీరం చేరింది.

అక్కడ శత్రువు కన్నా ముందు చలి దాడి చేసింది. తగిన శీతకాలపు దుస్తులు లేక సైనికుల కాళ్లు, చేతులు మంచుకు చచ్చుబడ్డాయి. నదికి ఆవలి తీరాన పట్టు సాధించిన స్థావరాలను డిసెంబరులో విడిచిపెట్టవలసి వచ్చింది. 1942 జనవరిలో చిక్కుకుపోయిన జర్మన్ దళాన్ని ఆదుకునేందుకు 206 మంది స్కీ సైనికులు గడ్డకట్టిన ఇల్మెన్ సరస్సును దాటారు. ఆ పోరాటం ముగిసేసరికి నిలబడగలిగిన వారు 12 మంది మాత్రమే.

అదే ఏడాది డివిజన్ లెనిన్‌గ్రాడ్ ముట్టడి రేఖకు మారింది. ఆ ముట్టడిలో లక్షలాది పౌరులు ఆకలితో మరణించారు. కమ్యూనిజంపై పోరుగా మొదలైన ప్రయాణం, ఒక నగరాన్ని అన్నానికి దూరం చేసిన వలయంలో భాగమైంది.

సైనికులతో కలిసి కష్టాలు పంచుకునే సేనానిగా మున్యోజ్ గ్రాండేస్‌కు దళంలో ఆదరణ ఉండేది. హిట్లర్ ఆయనకు నైట్స్ క్రాస్‌ను, ఆపై దానికి ఓక్ ఆకుల పతకాన్ని ఇచ్చారు. స్పెయిన్‌ను యుద్ధంలోకి దించగల నాయకుడిగా ఆయనను చూశారు. ఇది గమనించిన ఫ్రాంకో 1942 డిసెంబరులో ఆయనకు పదోన్నతి ఇచ్చి వెనక్కి పిలిపించారు. ఎస్తెబాన్ ఇన్ఫాంతెస్ కొత్త సేనాని అయ్యారు. 1943 ఫిబ్రవరి 10న క్రాస్నీ బోర్ వద్ద ఒక్కరోజులోనే వెయ్యి మందికి పైగా స్పెయిన్ సైనికులు మరణించారు. యుద్ధగతి మారడంతో అక్టోబరులో ఫ్రాంకో దళాన్ని ఉపసంహరించారు.

ఖైదీలుగా పట్టుబడినవారికి మాత్రం యుద్ధం ముగియలేదు. సోవియట్ శిబిరాలలో పదేళ్లకు పైగా గడిపిన వారు 1954 ఏప్రిల్ 2న సెమీరామిస్ నౌకలో బార్సెలోనా చేరారు. రేవులో స్వాగతం పలికిన సైన్య మంత్రి మున్యోజ్ గ్రాండేసే. 1962లో ఉపప్రధాన పదవి పొంది, 1967లో దానిని వదిలారు. 1970 జులై 11న మాడ్రిడ్‌లో కన్నుమూశారు.

ఫ్రాంకో తన రుణాన్ని వేల ప్రాణాలతో తీర్చుకున్నారు. సేనానికి పతకాలు, పదవులు దక్కాయి. ఆయన వెంట నడిచిన వారిలో వేలాది మంది వోల్ఖోవ్, లెనిన్‌గ్రాడ్ నేలలోనే మిగిలిపోయారు.