రాబర్ట్ కాక్ – క్షయక్రిమిని పట్టిన సర్కారు డాక్టరు

మన ప్రత్యేక సంచికల్లో దేశనాయకులను గురించి, కవులను గురించి మిత్రులు రాస్తూనే ఉన్నారు. నేను ఈసారి ఒక ప్రభుత్వోద్యోగిని గురించి రాస్తున్నాను. పేరు రాబర్ట్ కాక్. కొన్ని పాఠ్యపుస్తకాల్లో కోచ్ అని ఉంటుంది.

ఆయన 1843 డిసెంబరు 11న జర్మనీలోని క్లౌస్తాల్ అనే గనుల ఊళ్ళో జన్మించారు. గోటింగెన్‌లో వైద్యం చదివి, 1872లో వోల్‌స్టైన్ అనే చిన్న పట్టణానికి జిల్లా వైద్యాధికారిగా వెళ్ళారు. అక్కడ ప్రయోగశాల లేదు, చెప్పుకోదగ్గ పుస్తకాలు లేవు. భార్య ఎమ్మీ కానుకగా ఇచ్చిన మైక్రోస్కోపు పెట్టుకుని, రోగులను చూడగా మిగిలిన వేళల్లో ఇంట్లోనే పని చేసుకునేవారు. పశువులను చంపే దొమ్మరోగానికి ఫలానా క్రిమే కారణమని, ఎలుకల మీద పరీక్షలు చేసి 1876లో రుజువు చేశారు. మారుమూల ఉద్యోగానికి ఇంతకన్నా మంచి సర్వీసు రికార్డు ఉంటుందా!

1880లో బెర్లిన్‌కు పిలుపు వచ్చింది. ఆ రోజుల్లో ప్రతి ఏడు చావుల్లో ఒకటి క్షయ వల్లనే అని లెక్క. ఆ క్రిమి మామూలు రంగులకు లొంగదు, మామూలు ఆహారం మీద పెరగదు. కాక్ గారు నీలిరంగు, గోధుమరంగు వేసి దానిని కంటికి కనిపించేట్లు చేశారు. గడ్డకట్టించిన రక్తపు సీరం మీద పెంచారు. రెండో వారం దాకా ఏమీ కనిపించదు. అయినా ఓపిక పట్టారు. 1882 మార్చి 24న పండితుల సభలో అంతా వివరించారు. ఆ తేదీనే నేడు ప్రపంచ క్షయ దినంగా జరుపుతున్నారు. తరువాత కలరా వెంట ఈజిప్టుకు, అక్కడినుంచి కలకత్తాకు వచ్చి, 1884లో ఆ క్రిమిని కూడా నిర్ధారించారు.

1890లో మాత్రం పొరపాటు పడ్డారు. ట్యుబర్కులిన్ అనే మందు క్షయను కుదురుస్తుందని ప్రకటించారు. అందులో ఏముందో మొదట చెప్పనూ లేదు. రోగులు బెర్లిన్‌కు తండోపతండాలుగా వెళ్ళారు. అది కుదర్చలేదు, కొందరు చనిపోయారు కూడా. అంతటి జాగ్రత్తపరుడు ఇక్కడ ఎందుకు తొందరపడ్డారో నాకు మింగుడుపడదు. ఆ మందే తరువాత చర్మపరీక్షకు పనికివచ్చింది. 1905లో నోబెల్ బహుమతి పొంది, 1910 మే 27న బాడెన్-బాడెన్‌లో కన్నుమూశారు.

ఇదంతా ఎందుకు చదివానంటే, 2017లో మా తోడల్లుడికి దగ్గు పట్టుకుంది. ఒక డాక్టరు రెండు నెలలు దగ్గుమందులే మార్చారు. కఫం అద్దంమీద పూసి రంగువేసి చూశారు, అంటే కాక్ గారి నాటి పద్ధతే. ఏమీ కనపడలేదు. అలా కనపడాలంటే మిల్లీలీటరు కఫంలో వేల సంఖ్యలో క్రిములుండాలి. పెంచి చూద్దామంటే వారాలు పడుతుంది. చివరకు సర్కారు ఆస్పత్రిలో సీబీనాట్ చేశారు. ఆ యంత్రం క్రిమిని చూడదు. దాని జన్యుపదార్థంలో ఒక ముక్కను కోట్ల ప్రతులుగా పెంచి గుర్తుపడుతుంది. మన ఆఫీసులో సైక్లోస్టైల్ మిషన్ లాంటిదనుకోండి. రిఫాంపిసిన్ మందు పనిచేసే చోట ఆ జన్యువులో అక్షరం మారిందేమో కూడా చెబుతుంది. మారితే ఆ మందు పనిచెయ్యదు. అంతా రెండు గంటల్లో అయిపోతుంది.

మావాడి క్రిమిలో ఆ అక్షరం మారి ఉంది. పదేళ్ళ క్రితం ఒకసారి క్షయ వచ్చి, మూడు నెలలకే ఒళ్ళు బాగుందని మాత్రలు మానేసిన సంగతి అప్పుడు బయటపెట్టాడు. మా మరదలికి కూడా తెలియదట! వేరే మందులు దాదాపు రెండేళ్ళు వాడాడు. అలాంటివారికి ఆరునెలల చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫార్సు చేసింది. మావాడి కాలానికి అది లేదు. రోజూ మాత్ర వేశాక మా మరదలు క్యాలెండరు మీద గీత పెట్టేది. ఆ క్యాలెండర్లు రెండూ ఇప్పటికీ వాళ్ళ బీరువాలో ఉన్నాయి.