ఓటమికి వెరవని కెప్టెన్ కనకయ్య నాయుడు

భారత క్రికెట్ జట్టుకు తొలి టెస్టు కెప్టెన్ తెలుగువాడన్న సంగతి చాలామందికి తెలిసినదే. అయితే ఆయన నాయకత్వం వహించిన నాలుగు టెస్టుల్లో మనవాళ్ళు ఒక్కటీ గెలవలేదన్నది అందరికీ తెలియదు. మూడింట ఓడారు. ఒకటి డ్రా అయింది. అయినా భారత క్రికెట్ చరిత్రలో ఆయన పేరే ముందు చెబుతారు. ఎందుకన్నది ఆయన జీవితం చూస్తే బోధపడుతుంది.

కొట్టారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించారు. తాతగారు, తండ్రిగారు కూడా న్యాయవాదులే. 1916లో బొంబాయిలో హిందువుల జట్టు తరఫున యూరోపియన్లపై ఆడి పెద్ద ఆటలో అడుగు పెట్టారు. తరువాత ఇండోర్ హోల్కార్ మహారాజు పిలుపుపై ఆ సంస్థాన సైన్యంలో చేరారు. కర్నల్ అన్న పేరు అలా వచ్చిందే.

ఆయనకు పేరు ఒక్కరోజులో రాలేదు. పదేళ్ళు ఆడిన తరువాత, 1926 డిసెంబరులో, ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై బొంబాయి జింఖానా మైదానంలో 116 నిమిషాల్లో 153 పరుగులు చేశారు. అందులో 11 సిక్సర్లు. మనవాళ్ళు తెల్లదొరలతో సమానంగా ఆడగలరని ఆ ఆటతో తేలిపోయింది. ఆరేళ్ళకే భారతదేశానికి టెస్టు హోదా దక్కింది.

1932లో ఇంగ్లండు వెళ్ళిన జట్టుకు పోరుబందర్ మహారాజు కెప్టెన్. తన ఆట చాలదని గ్రహించి ఆయన టెస్టులో తప్పుకోగా, లార్డ్స్ మైదానంలో జట్టును నడిపే బాధ్యత నాయుడుగారిపై పడింది. రాజులే పెత్తనం చేసే ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా ఆయన బ్యాటు పట్టి 40 పరుగులు చేశారు. మొదటి ఇన్నింగ్స్‌లో మన జట్టులో అదే ఎక్కువ స్కోరు. భారత్ 158 పరుగుల తేడాతో ఓడింది. ఆ ఓటమితో ఆయన కుంగిపోలేదు. ఆ పర్యటనలోని ఫస్ట్‌క్లాస్ ఆటల్లో 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు తీశారు.

1936లో మళ్ళీ ఇంగ్లండు పర్యటన వచ్చింది. ఈసారి కెప్టెన్సీ విజయనగరం మహారాజకుమార్ విజ్జీకి పోయింది. నాయకుడుగా ఉన్నవాడు మరొకరి కింద మామూలు ఆటగాడుగా ఆడడం ఎవరికైనా కష్టమే. అయినా నాయుడుగారు ఆడారు. ఓవల్ టెస్టులో అలెన్ వేసిన బంతి గుండె దగ్గర గట్టిగా తగిలింది. ఆయన బయటకు పోకుండా నిలిచి 81 పరుగులు చేశారు. ఆయన ఆడిన చివరి టెస్టు అదే.

అప్పటికి వయస్సు నలభై. చాలామంది ఆట చాలించే వయస్సు అది. నాయుడుగారు మాత్రం హోల్కార్ జట్టును తీర్చిదిద్దే పనిలో పడ్డారు. క్రమశిక్షణ విషయంలో ఆయన మహా కఠినుడు. దెబ్బ తగిలిందని ఆట మధ్యలో కూర్చోవడం ఆయనకు గిట్టదు. ఇతరులకు చెప్పింది ముందు తాను చేసి చూపేవారు. 1951-52 రంజీ ఫైనల్లో బొంబాయి బౌలర్ ఫడ్కర్ బంతి మూతికి తగిలి పళ్ళు ఊడాయి. ఆయనకప్పుడు 56 ఏళ్ళు. పిచ్‌పై పడిన పళ్ళను పక్కకు నెట్టి ఆట సాగించారు. ఆ ఫైనల్లో హోల్కార్ భారీ తేడాతో ఓడింది. మరుసటి ఏడే ఆ జట్టు రంజీ ట్రోఫీ గెలుచుకొంది. ఆయన నాయకత్వంలో హోల్కార్‌కు దక్కిన నాలుగు ట్రోఫీల్లో అది చివరిది.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ ఏడే రంజీ పోటీల్లో ప్రవేశించిన ఆంధ్ర జట్టుకు 58 ఏళ్ళ నాయుడుగారే కెప్టెన్ అయ్యారు. అరవై దాటాక కూడా ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ ఆడారు. 1956లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. 1967 నవంబరు 14న ఇండోర్‌లో కన్నుమూశారు. 1994 నుంచి క్రికెట్ బోర్డు ఆయన పేరిట జీవన సాఫల్య పురస్కారం ఇస్తున్నది.

భారత జట్టు తొలి టెస్టు విజయం 1952 ఫిబ్రవరిలో మద్రాసులో సాధించింది. ఆ జట్టులో నాయుడుగారు లేరు. మామిడి మొక్క నాటినవాడికే పండు దక్కుతుందని లేదు. కాని నాటినవాడు లేకపోతే పండే లేదు. గెలిచినా ఓడినా మర్నాడు మళ్ళీ మైదానానికి వెళ్ళడమే ఆయన ఎరిగిన విద్య. బడి పిల్లలు ఆయన నుంచి నేర్చుకోదగినది అదే.