వెలుగు మీటకు లోబడే మందు – వెనుక మన సుబ్బారావు గారు

పోటీ పరీక్షల పుస్తకాల్లో యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి ఒక బిట్టు ఉంటుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో దాన్ని మనమంతా బట్టీ పట్టి దాటేస్తాం. పక్కనే పంజాగుట్టలో ఉన్న నిమ్స్ వంటి ఆసుపత్రుల్లో కీళ్లవాతానికీ, కొన్ని రకాల క్యాన్సర్లకూ రాసే మెథోట్రెక్సేట్ వెనుక ఆయన పరిశోధన ఉందని మాత్రం మాలో చాలామందికి పీజీకి వచ్చేదాకా తెలియలేదు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పేద కుటుంబంలో పుట్టారు. చిన్న వయసులోనే డబ్బు సంపాదించాలని కాశీకి బయలుదేరితే తల్లి వెంకమ్మ గారు వెనక్కి తీసుకొచ్చారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు వేసుకున్నందుకు ఒక ఆచార్యుని కోపానికి గురై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. మామగారి సాయంతోనూ, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి అండతోనూ అమెరికా చేరారు. అక్కడ ఆసుపత్రిలో రాత్రిపూట కూలి పని చేస్తూ చదువుకున్నారు.

హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1925లో రక్తంలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. 1929లో జీవకణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని వెలుగులోకి తెచ్చారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దాన్ని విడిగా కనుగొన్నారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన కొలువు దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరి, తర్వాత దాని పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. బోదకాలు నివారణకు మన ఊళ్లలో ఇంటింటికీ తెచ్చి మింగించిన డి.ఇ.సి. మాత్ర కూడా అక్కడిదే. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను డాక్టర్ ఫార్బర్‌కు అందించారు. రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగా మేలు కనిపించిందని 1948లో ప్రకటించారు. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్లకే, సుబ్బారావు గారు న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. మళ్లీ స్వదేశం చూడలేదు.

ఆయన పోయినా ఆ అణువుల కథ ఆగలేదు. 1978లో కాప్లాన్ బృందం ఎ.టి.పి.కి ఒక రసాయన మూత తగిలించింది. మూత ఉన్నంతసేపూ కణం దాన్ని వాడుకోలేదు. అతినీలలోహిత కాంతి పడగానే మూత ఊడి ఎ.టి.పి. విడుదలవుతుంది. 1982లో ఇదే ఉపాయంతో కండర తంతువుల కదలికను పరిశీలించారు. మీట నొక్కినట్టు, కోరిన క్షణంలో కణంలోని పనిని మొదలుపెట్టవచ్చని తేలింది.

మెథోట్రెక్సేట్‌తో ఒక చిక్కుంది. అది క్యాన్సర్ కణాలతోపాటు వేగంగా పెరిగే మంచి కణాలనూ దెబ్బతీస్తుంది. నోటిపూత, రక్తకణాలు తగ్గడం అందుకే. 2018లో బార్సిలోనా శాస్త్రవేత్తలు ఫోటోట్రెక్సేట్ అనే అణువును ప్రకటించారు. చీకటిలో అది నిటారుగా ఉండి దాదాపు పనిచేయదు. తగిన కాంతి పడితే వంగి, డి.ఎన్.ఎ. తయారీకి అవసరమైన ఎంజైమును అడ్డుకుంటుంది. వెలుగు పడిన చోటే మందు పనిచేయాలన్నది వారి ఆశయం. ఇది ఇంకా రోగులకిచ్చే మందు కాలేదు. శరీరం లోతుల్లోకి ఆ కాంతిని పంపడం తేలిక కాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సైన్సు చదివి ఏం లాభం, అమీర్‌పేటలో ఏదో కోర్సు చేరమని మనకు చెప్పేవాళ్లు చాలామంది. ఇల్లు గడవడానికి కోర్సు చేయడం తప్పు కాదు, మాలోనూ చాలామందిమి చేశాం. కానీ మన ఇళ్లలో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్లం మనమే. పరిశోధన మనవాళ్ల పని కాదని మనమే అనుకుంటే, ఆ దారి మన తర్వాతివాళ్లకూ మూసుకుపోతుంది. సుబ్బారావు గారికి ఒక ధర్మనిధి అండగా నిలిచింది, మనకు ఈ హాస్టల్ నిలిచింది. రెండుసార్లు పరీక్ష తప్పిన ఆ విద్యార్థి మొదలుపెట్టిన పనిలో మిగిలినది ఇంకా చాలా ఉంది. అందులో కొంత మనవాళ్లు చేయాలని మా కోరిక.