వీణకు మెట్లు కుదిర్చిన తెలుగు ప్రభువు - రఘునాథ నాయకుడు

మన జల్‌పల్లి చెఱువు గట్టున గాలివానకు ఒక చెట్టు కూలినచో ఊరివారిలో ముగ్గురు మూడు విధముల తలంతురు. ఒకనికి అందు వంటచెఱకు కనబడును. వేఱొకనికి ద్వారబంధము కనబడును. వడ్రంగికి మాత్రము దాని చేవ కనబడును. మ్రాను ఒక్కటియే, చూచు కన్ను వేఱు. అట్టి కన్నుతో పనసమ్రానిని చూచిన తంజావూరి పనివారిని, వారి చేతిపనికి తోడునిలిచిన తెలుగు ప్రభువును ఈ రజతోత్సవ సంచికలో స్మరించుట యుక్తమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

తంజావూరిలో నాయకరాజ్యమును 1532 ప్రాంతమున నెలకొల్పిన చెవ్వప్ప నాయకుడు రఘునాథునికి తాత, అచ్యుతప్ప నాయకుడు తండ్రి. రఘునాథుడు 1600 ప్రాంతమున రాజ్యభారము వహించి 1634 వఱకు పాలించెను. విజయనగర సింహాసనమునకై కలహము చెలరేగి జగ్గరాయడు రాజకుటుంబమును చంపింపగా, వెలుగోటి యాచమ నాయకుడు బాలుడైన రామదేవరాయలను కాపాడెను. రఘునాథుడు ఆ బాలుని పక్షము వహించి, 1616-17 ప్రాంతమున తోపూరు యుద్ధమున జయము గాంచెను. జగ్గరాయడు అందే కూలెను. 1620లో డెన్మార్కు వర్తకులకు తరంగంబాడిలో నెలవు నొసగినవాడును ఇతడే.

ఇంతటి యోధుడు కవి కూడ. వాల్మీకి చరిత్రము, రామాయణము తెనుగున రచించెను. ఆ రామాయణమును మధురవాణి యను విదుషి సంస్కృతీకరించెను. చేమకూర వేంకటకవి తన విజయవిలాసమును ఇతనికే అంకితమిచ్చెను. జయంతసేన రాగమును, రామానంద తాళమును ఇతడు కల్పించెనని ప్రసిద్ధి. స్వయముగ వైణికుడు.

ఆనాడు ఒక్కొక్క రాగమునకు మెట్లను జరుపుకొనవలసిన వీణలు వాడుకలో నుండెను. రాగము మాఱినపుడెల్ల వాదనము నాపి మెట్లు సవరింపవలసినదే. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలకు 24 మెట్లను కదలకుండ నిలిపినచో ఏ రాగమైనను ఒకే దండిపై పలుకును. ఈ ఏర్పాటు రఘునాథుని ఆస్థానమున కుదిరినదని సంప్రదాయము చెప్పును. వేంకటమఖి తన చతుర్దండి ప్రకాశికలో రఘునాథేంద్ర మేళవీణ యను పేర ఒక వీణను వర్ణించెను.

తంజావూరి వీణకు కుండ, దండి, యాళి ముఖము మూడును పనసకఱ్ఱయే. ముదిరిన మ్రానిని కోసి, బాగుగ ఆరనిచ్చి, కుండను లోపల తొలిచి పలుచన చేయుదురు. దండిపై మైనమును మసియు కలిపి పఱచి, అందు లోహపు మెట్లను చెవితో సరిచూచుచు ఒక్కొక్కటిగ నాటుదురు. వెండ్రుకవాసి తప్పినను స్వరము తప్పును.

లెక్కలు వ్రాసికొని బ్రదుకు నాకు ఇచట ఒక చిక్కు ఎదురైనది. సంగీతసుధ యను శాస్త్రగ్రంథము రఘునాథుని పేర నున్నది. దానిని రచించినది తన తండ్రియు, ఆ రాజు మంత్రియునైన గోవింద దీక్షితులని వేంకటమఖియే తెలిపెను. మఱి జమ ఎవరి పేర వ్రాయవలెను? చాల కాలము ఆలోచించి మూడు పద్దులు వ్రాసికొంటిని. ఆదరించి, తాను మీటి, పరీక్షించిన పద్దు రాజుది. శాస్త్రము పద్దు దీక్షితులది. ఆ వెండ్రుకవాసిని పట్టిన పద్దు పనివానిది. మొదటి రెండు పద్దుల యెదుట పేర్లున్నవి. మూడవదాని యెదుట ఏ గ్రంథమును పేరు వ్రాయలేదు. నా లెక్కలో ఆ చోటు ఖాళీగనే యున్నది.

రఘునాథుని కుమారుడు విజయరాఘవుడు 1673లో మధుర నాయకుల సేనతో పోరి మడిసెను. దానితో ఆ రాజ్యము అంతరించెను. కత్తితో గెలిచినది రఘునాథుని తరువాత నలువదేండ్లైనను నిలువలేదు. పనసకఱ్ఱపై కుదిరిన 24 మెట్లు నేటికిని నిలిచియున్నవి. తంజావూరి వీణకు 2013లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన తెలుగునాట బొబ్బిలి చెంత గొల్లపల్లిలో ఒకే మ్రానిని తొలిచి ఏకాండి వీణను చేయు పనివారు కలరు.

మన గ్రంథాలయమునకు దాతల పేర్లు గోడపై నున్నవి. బల్లలు చేసిన చేతుల పేర్లు లేవు. ఈ ఇరువదియైదవ యేట ఆ ఖాళీ పద్దును నింపినచో ఉత్సవము సార్థకమగును.